స్నానాల గది నుంచి ఆకాశం దాకా: హ్యూగో యుంకర్స్ జీవితం

 

ఈ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, నా వృత్తిలో నేను గౌరవించే ఒక పెద్దమనిషి గురించి రాస్తానని ఒప్పుకున్నాను. ఆయన మన దేశంవాడు కాదు, మన కాలంవాడూ కాదు. జర్మనీలో పుట్టి, 1935లోనే కన్నుమూసిన ప్రొఫెసర్ హ్యూగో యుంకర్స్. విమానాల చరిత్ర చదివినవారికి ఆయన పేరు తెలుసు. మొట్టమొదటి పూర్తి లోహపు విమానం ఆయన కట్టించిందే. అయితే ఆయన మొదట చేసిన వస్తువు విమానం కాదు, స్నానానికి నీళ్లు కాచే గీజర్. ఆ గీజర్‌కూ ఈ విమానానికీ ఉన్న చుట్టరికం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా ఉద్యోగమంతా హీట్ ఎక్స్ఛేంజర్లతోనే గడిచింది. పేరు పెద్దదిగా ఉన్నా వస్తువు మనకు పాతదే. మన ఇళ్లలో నీళ్లు కాచుకునే రాగి బాయిలర్‌ను గుర్తు తెచ్చుకోండి. నడిమధ్య గొట్టంలో బొగ్గుల నిప్పు, చుట్టూ నీళ్లు. నిప్పు, నీళ్లు ఒకదానికొకటి తగలవు. మధ్యలో ఉన్న పలుచని రాగి గోడ గుండా వేడి మాత్రం అవతలికి పోతుంది. హీట్ ఎక్స్ఛేంజర్ అంటే ఇంతే. ట్రాక్టరు ముందు ఉండే రేడియేటరు కూడా ఇదే జాతి. సోయా, కంది నూర్పిళ్ల రోజుల్లో దాని జాలీలో పొట్టు ఇరుక్కుంటే ఇంజిన్ ఎలా ఉడికిపోతుందో మన రైతు మిత్రులకు నేను చెప్పనక్కర లేదు. నేల మీద అయితే ట్రాక్టరును చెట్టు కింద ఆపి, చల్లారాక మళ్లీ నడుపుకోవచ్చు. ఆకాశంలో ఆ వీలు లేదు. అందుకే విమాన ఇంజిన్‌లో వేడిని ఎక్కడికి పంపాలన్నది మొదటి రోజు నుంచీ పెద్ద ప్రశ్న. యుంకర్స్ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చిన దారి చాలా చిత్రమైనది.

బాల్యం, చదువు

యుంకర్స్ 1859 ఫిబ్రవరి 3న జర్మనీ పశ్చిమ ప్రాంతంలోని రైట్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రికి నేత మిల్లు ఉండేది. ఏడుగురు అన్నదమ్ముల్లో ఈయన మూడోవారు. ఇంట్లో యంత్రాల చప్పుడు మధ్య పెరిగినవాడు ఇంజనీరింగ్ వైపు వెళ్లడం వింత కాదు. బెర్లిన్, కార్ల్స్‌రూయె, ఆకెన్ నగరాల్లోని సాంకేతిక విద్యాలయాల్లో చదివి 1883లో చదువు ముగించారు. కొన్నాళ్లు అక్కడా ఇక్కడా పని చేశారు. కానీ తనకు తెలిసింది చాలదనిపించి మళ్లీ బెర్లిన్ వెళ్లి అడోల్ఫ్ స్లాబీ అనే ప్రొఫెసర్ దగ్గర ఉష్ణగతిశాస్త్రం, విద్యుత్తు పాఠాలు విన్నారు. ఉద్యోగం చేస్తూ మళ్లీ తరగతి గదిలో కూర్చోవడానికి ఆయన మొహమాటపడలేదు.

ఆ గురువు సాయంతోనే 1888లో డెస్సావ్ పట్టణంలోని గ్యాస్ కంపెనీలో చేరారు. ఆ రోజుల్లో బొగ్గును కాల్చి తీసిన గ్యాస్‌తో వీధి దీపాలు వెలిగేవి, ఇంజిన్లు నడిచేవి. అక్కడ విల్‌హెల్మ్ ఫాన్ ఓషెల్‌హాయిజర్ అనే అధికారితో కలిసి ఒక కొత్త గ్యాస్ ఇంజిన్ తయారీలో దిగారు. మామూలు ఇంజిన్‌లో ఒక సిలిండరుకు ఒక పిస్టన్ ఉంటుంది, పైన మూత ఉంటుంది. వీళ్ల ఇంజిన్‌లో మూత లేదు. ఒకే సిలిండరులో రెండు పిస్టన్లు ఎదురెదురుగా వచ్చి మధ్యలో గ్యాస్‌ను అదిమి, మండిన తర్వాత దూరంగా జరుగుతాయి. మూత లేకపోవడం వల్ల వేడి బయటికి జారిపోయే గోడ తగ్గింది. వేడి తక్కువ జారితే పని ఎక్కువ దొరుకుతుంది. ఈ ఆలోచన ఆయన వెంట నలభై ఏళ్లు నడిచింది. దాని సంగతి ముందు చెబుతాను.

కొలత నుంచి పుట్టిన గీజర్

ఇంజిన్ బాగా నడుస్తున్నదా లేదా తెలియాలంటే, దానికి ఇచ్చిన గ్యాస్‌లో ఎంత వేడి ఉందో ముందు తెలియాలి. బొగ్గు గ్యాస్ రోజుకో రకంగా వచ్చేది. దాని సత్తాను త్వరగా, కచ్చితంగా కొలిచే సాధనం చేతిలో లేదు. యుంకర్స్ ఆ సాధనాన్ని తానే చేసుకున్నారు. అదే ఆయన కేలరీమీటర్. 1892లో దానికి పేటెంట్ వచ్చింది. 1893లో అమెరికాలోని చికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి కూడా వచ్చింది.

దాని పనితనం మన తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యేంత సులువు. లోపల గ్యాస్ మంట. దాని చుట్టూ సన్నని గొట్టాలు, నీళ్ల తొడుగు. వేడి పొగ ఒక వైపుగా దిగుతుంటే నీళ్లు ఎదురుగా ఎక్కుతాయి. పొగ బయటికి పోయే చోట చల్లటి నీళ్లు లోపలికి వస్తుంటాయి. కాబట్టి పొగలో మిగిలిన చివరి వేడిని కూడా ఆ నీళ్లు లాగేసుకుంటాయి. నీళ్లు లోపలికి వచ్చే చోట ఒక థర్మామీటరు, పోయే చోట ఒకటి. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ఒక కిలోకేలరీ. నిమిషానికి 2 లీటర్ల నీళ్లు పారుతూ 15 డిగ్రీలు పెరిగితే, ఆ మంట నిమిషానికి 30 కిలోకేలరీలు ఇచ్చిందన్నమాట. అప్పటిదాకా ప్రయోగశాలలో గంటలు పట్టే పని ఇలా పారే నీళ్ల మీద తేలిపోయింది.

ఇక్కడే ఆయన బుర్ర అసలు మలుపు తిరిగింది. సరిగ్గా కొలవాలంటే మంటలోని వేడి అంతా నీళ్లలోకి రావాలి, ఏ కొంచెమూ వృథా కాకూడదు. కానీ వేడి వృథా కాకుండా నీళ్లలోకి రావడమే కదా నీళ్లు కాచుకునేవాడికి కావలసింది! థర్మామీటర్లు తీసేసి, పరిమాణం పెంచి, ఒక చివర స్నానాల గది కుళాయి పెడితే అది గీజర్. 1895లో రాబర్ట్ లుడ్విగ్‌తో కలిసి డెస్సావ్‌లో యుంకర్స్ అండ్ కంపెనీ పెట్టారు. గ్యాస్‌తో అప్పటికప్పుడు నీళ్లు కాచే గీజర్లు, గది వేడి చేసే పరికరాలు అక్కడ తయారయ్యాయి. అవి బాగా అమ్ముడుపోయాయి. ఆ డబ్బే ఆ తర్వాత ఆయన పరిశోధనలన్నింటికీ పెట్టుబడి అయింది.

ఈ కంపెనీ నుంచి ఆయనకు డబ్బుతో పాటు ఇంకో విద్య కూడా వచ్చింది. గీజర్ లోపలి గోడలు పలుచగా ఉండాలి, అప్పుడే వేడి తొందరగా దాటుతుంది. కానీ పలుచని రేకు వంగకూడదు, అతుకులు ఊడకూడదు, కారకూడదు. పలుచని రేకుకు బలం ఎలా తేవాలి అన్నది డెస్సావ్ పనివాళ్లకు చేతి విద్య అయిపోయింది. ఈ విద్య ఒకనాడు రెక్కలు కడుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

ప్రొఫెసర్‌గా పదిహేనేళ్లు

1897లో ఆకెన్ సాంకేతిక విద్యాలయం ఆయనను ప్రొఫెసర్‌గా పిలిచింది. తాను చదువుకున్న చోటికే పాఠం చెప్పడానికి వెళ్లారు. 1912 వరకు అక్కడే ఉన్నారు. మరుసటి ఏడాది, 1898లో, థెరీజ్ బెన్‌హోల్డ్‌తో పెళ్లయింది. వారికి పన్నెండు మంది పిల్లలు. ఇటు పాఠాలు, అటు డెస్సావ్ ఫ్యాక్టరీ, ఇంట్లో పెద్ద సంసారం. అన్నీ ఒకేసారి నడిపారు.

ఆకెన్‌లో ఆయన సహోద్యోగి హాన్స్ రైస్నర్. ఆయనకు విమానాల పిచ్చి. సాటి అధ్యాపకుడి ప్రయోగాలు చూసి యుంకర్స్ కూడా ఆ వైపు తిరిగారు. అప్పటికి ఆయన వయసు యాభై. మనలో చాలామంది రిటైర్మెంటు లెక్కలు వేసుకునే వయసు అది. రైస్నర్ విమానానికి లోహపు రెక్కలు కావలసి వచ్చినప్పుడు ముడతల రేకుతో వాటిని తయారు చేసి ఇచ్చింది డెస్సావ్‌లోని గీజర్ల ఫ్యాక్టరీయే. మన ఊళ్లలో ఇళ్ల కప్పులకు వేసే రేకు చూడండి. సాఫుగా ఉంటే వంగిపోయే రేకు, ముడతలు పెట్టగానే మనిషి ఎక్కినా ఆగుతుంది. రహస్యం అదే.

అప్పటి విమానాలన్నీ కర్ర చట్రం, దాని మీద గుడ్డ, బయట నుంచి లాగి కట్టిన తీగలు. తీగలు గాలిని అడ్డగిస్తాయి, కర్ర వానకు ఉబ్బుతుంది, గుడ్డ అంటుకుంటుంది. 1910 ఫిబ్రవరి 1న యుంకర్స్ ఒక పేటెంట్ తీసుకున్నారు. బయటి తీగలు లేకుండా తన బలం తనలోనే ఉన్న మందపాటి రెక్క, ఇంజిన్, మనుషులు, సామాను అన్నీ ఆ రెక్కలోనే ఇమిడిపోయే విమానం. అది అప్పటికి కాగితం మీది మాట. ఆ మాట నిజమా కాదా తేల్చుకోవడానికి ఆకెన్‌లో గాలి సొరంగం కట్టించి రకరకాల రెక్కల నమూనాలు పరీక్షించారు. ముందు కొలత, తర్వాతే తయారీ. కేలరీమీటర్ నేర్పిన క్రమం ఇక్కడా తప్పలేదు.

రేకుల గాడిద, దాని పొట్ట కింద రేడియేటరు

1915 డిసెంబరు 12న బెర్లిన్ దగ్గర డోబెరిట్జ్ మైదానం నుంచి జె-1 అనే విమానం లేచింది. ప్రపంచంలో పూర్తిగా లోహంతో కట్టి ఎగిరిన మొదటి విమానం అది. పలుచని ఉక్కు రేకుతో చేశారు. చూసినవాళ్లు నవ్వుతూ దానికి రేకుల గాడిద అని పేరు పెట్టారు. బరువు ఎక్కువై పైకి ఎక్కడంలో మందకొడిగా ఉన్నా, గంటకు దాదాపు 170 కిలోమీటర్ల వేగం చూపించింది. అప్పటికి యుంకర్స్‌కు యాభై ఆరేళ్లు.

ఆ విమానంలో నా వంటి వాడి చూపు మొదట పడేది రెక్క మీద కాదు, పొట్ట కింద. అక్కడ రేడియేటరు ఉంది.

పెట్రోల్ ఇంజిన్‌లో కాల్చిన ఇంధనపు వేడిలో అప్పట్లో ఇంచుమించు పావు వంతే పనిగా మారేది. మిగిలినది కొంత పొగతో పోయేది, కొంత ఇంజిన్ గోడల్లోకి దిగేది. ఆ గోడల వేడిని నీళ్లు మోసుకుపోయి రేడియేటరులో గాలికి అప్పగించాలి. జె-1 ఇంజిన్ 120 అశ్వశక్తిది, అంటే దాదాపు 88 కిలోవాట్లు. గోడల్లోకి దిగే వేడి అందులో మూడింట రెండు వంతులని స్థూలంగా వేసుకున్నా, 60 కిలోవాట్లకు తక్కువ కాదు. మన ఇంటి గీజర్ 2 కిలోవాట్లదైతే, ముప్పై గీజర్లు ఒకేసారి వేసినంత వేడి. దాన్ని క్షణం ఆగకుండా ఆకాశంలో వదిలించుకోవాలి.

వేడి త్వరగా పోవాలంటే గాలికి తగిలే వైశాల్యం పెరగాలి. కప్పులో కాలుతున్న చాయ్‌ని సాసర్‌లో పోసుకుంటే తొందరగా చల్లారేది అందుకే. కానీ విమానంలో వైశాల్యం పెంచితే గాలికి అడ్డు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. అప్పటి విమానాల్లో రేడియేటరును నేరుగా గాలికి ఎదురుగా నిలబెట్టేవారు. ఎదురుగాలిలో సైకిల్ తొక్కుతూ ఛాతీకి తలుపు కట్టుకున్నట్టు ఉండేది. ఇంజిన్ ఇచ్చే బలంలో కొంత దాన్ని ఈడ్వడానికే సరిపోయేది.

యుంకర్స్ ఈ చిక్కును వేరేగా చూశారు. రేడియేటరును ఒక గూటిలో పెట్టారు. గాలి సన్నని ముఖద్వారం గుండా వచ్చి, లోపల గూడు వెడల్పు కాగానే నెమ్మదిస్తుంది. నెమ్మదిగా వెళ్లే గాలి రేడియేటరు గుండా పోయేటప్పుడు అడ్డు తక్కువ. అక్కడ వేడెక్కి వ్యాకోచిస్తుంది. వెనక గూడు మళ్లీ సన్నబడుతుంది కాబట్టి ఆ వేడి గాలి వేగంగా వెనక్కి చిమ్ముతుంది. వెనక్కి చిమ్మే గాలి విమానాన్ని కాస్త ముందుకు తోస్తుంది. అంటే పారబోయాల్సిన వేడి నుంచే కొంత పని రాబట్టుకోవడం. దీనికి 1915లోనే ఆయన పేటెంట్ తీసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1935లో, ఇంగ్లండులో మెరెడిత్ అనే శాస్త్రవేత్త దీని లెక్కలన్నీ విడమరిచి రాశారు. ఇవాళ పుస్తకాల్లో మెరెడిత్ ప్రభావం అనే పేరుతో చదువుతాం. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన అమెరికా ముస్టాంగ్ విమానం పొట్ట కింద కనిపించే గూడు ఈ సూత్రం మీద కట్టినదే.

గీజర్‌లో ఆయన నేర్చుకున్నది వేడిని పోనివ్వకుండా పట్టుకోవడం. రేడియేటరులో చేసింది వేడిని తక్కువ ఖర్చుతో పంపేయడం. గోడకు రెండు వైపులా ఏమి జరుగుతుందో తెలిసినవాడికి ఈ రెండూ ఒకే పని.

ప్రయాణికులకు విమానం

అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. సైన్యానికి ఉక్కు కవచం ఉన్న విమానాలు కావాలన్నారు. యుంకర్స్ ఉక్కు రేకు బదులు డ్యూరాలుమిన్ అనే తేలికైన అల్యూమినియం మిశ్రమానికి మారి 227 విమానాలు కట్టి ఇచ్చారు. ఆయన చేతికి యుద్ధపు మసి అంటలేదని నేను అనను. కానీ యుద్ధం ముగిసిన వెంటనే ఆయన చేసిన పని చూడాలి. ఎనిమిది నెలలు తిరగకుండానే, 1919 జూన్ 25న, ఎఫ్-13 ఎగిరింది. సైనిక విమానానికి కుర్చీలు బిగించినది కాదు అది. ప్రయాణికుల కోసమే మొదటి నుంచీ గీసి కట్టిన పూర్తి లోహపు విమానం. నలుగురు కూర్చునే మూసిన క్యాబిన్, కిటికీలు, కుర్చీలకు బెల్టులు. పైలట్లు గాలికి వణుకుతూ కూర్చునే రోజుల్లో ప్రయాణికుల గదికి వెచ్చదనం కూడా ఏర్పాటు చేశారు. గీజర్ల మనిషి కదా మరి! అలాంటివి మూడు వందలకు పైగా తయారై అనేక దేశాల్లో తిరిగాయి.

1928 ఏప్రిల్‌లో ఆయన కంపెనీ వారి డబ్ల్యూ-33 రకం విమానం బ్రెమెన్ అట్లాంటిక్ సముద్రాన్ని తూర్పు నుంచి పడమరకు ఎక్కడా ఆగకుండా దాటింది. ఎదురుగాలిని ఛేదించుకుంటూ విమానం అలా దాటడం అదే మొదటిసారి. 1929లో జి-38 ఎగిరింది. దాని రెక్కలు ఎంత మందమంటే, అందులో కొందరు ప్రయాణికులు కూర్చుని ముందు అద్దాల్లోంచి చూడవచ్చు. 1910 నాటి కాగితం మీది మాట ఇరవై ఏళ్లకు సగమైనా నిజమైంది.

ఎదురెదురు పిస్టన్ల ఇంజిన్ సంగతి చెబుతానన్నాను. 1920ల చివరిలో ఆ పాత ఆలోచనే విమాన డీజిల్ ఇంజిన్‌గా తిరిగి వచ్చింది. ఆరు సిలిండర్లు, పన్నెండు పిస్టన్లు, పైన ఒక క్రాంక్‌షాఫ్ట్, కింద ఒకటి. సిలిండరు మూత లేదు కాబట్టి వేడి నష్టం తక్కువ, ఇంధనం ఖర్చు తక్కువ. డీజిల్ పెట్రోల్‌లా భగ్గుమనదు కాబట్టి అగ్నిప్రమాద భయమూ తక్కువ. ఆకాశంలో పేరు తెచ్చుకున్న విమాన డీజిల్ ఇంజిన్లలో యూమో-205 ముందు వరుసలో ఉంటుంది. అది ఈ వంశంలోనిదే. ముప్పైలలో పుట్టి కుర్రతనంలో వదిలేసిన ఆలోచన కాదు అది, డెబ్బయ్యో ఏట పండించుకున్న ఆలోచన.

అప్పులు, అధికారం

ఇంత తెలివైన మనిషి వ్యాపారంలో మాత్రం లెక్క తప్పేవారు. వచ్చిన ప్రతి రూపాయినీ పరిశోధనలో పోసేవారు. యుద్ధం ఓడిన జర్మనీపై గెలిచిన దేశాలు విమానాల తయారీకి ఆంక్షలు పెట్టాయి. ఆ ఆంక్షల నుంచి తప్పించుకునేందుకు జర్మన్ సైన్యం ప్రోద్బలంతో రష్యాలో మాస్కో దగ్గర ఫిలీలో ఫ్యాక్టరీ పెట్టారు. సర్కారు ఇస్తానన్న డబ్బు పూర్తిగా రాలేదు. 1925 నాటికి కంపెనీ అప్పుల్లో మునిగింది. ఆయన విమానయాన సంస్థను 1926లో ఇంకో సంస్థతో కలిపి లుఫ్త్‌హన్సా ఏర్పాటు చేశారు.

1930ల మొదట్లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. మళ్లీ అప్పులు. 1932లో యుంకర్స్ తన మొదటి కంపెనీని, గీజర్ల కంపెనీని, రాబర్ట్ బాష్ సంస్థకు అమ్ముకున్నారు. ఇంట్లో పాడి గేదెను అమ్మి పొలం నిలబెట్టుకున్న రైతు బాధ ఎలా ఉంటుందో మనకు తెలుసు. విమానాల పని, పరిశోధనశాల మిగిలితే చాలనుకున్నారు.

అవి కూడా మిగలలేదు. 1933 జనవరిలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. కొత్త సర్కారుకు యుద్ధ విమానాలు కావాలి, వాటికి యుంకర్స్ ఫ్యాక్టరీలు, పేటెంట్లు కావాలి. యుంకర్స్ ఉదారవాది. ప్రయాణికుల విమానాలతో దేశాలు దగ్గరవుతాయని నమ్మినవారు. ఆయన కొత్త పాలకులకు నచ్చలేదు. దేశద్రోహం కేసు పెడతామని బెదిరించారు. ఆ ఏడాదే పేటెంట్లు రాయించుకున్నారు, ఆ తర్వాత కంపెనీల్లో సగానికి పైగా వాటా రాయించుకున్నారు. డెస్సావ్‌లో అడుగు పెట్టకూడదన్నారు. ఈ పని జరిగిన విమానయాన శాఖలో రెండో స్థానంలో ఉన్నది ఎర్హార్డ్ మిల్ష్. ఒకప్పుడు యుంకర్స్ విమానయాన సంస్థలోనే ఉద్యోగం చేసిన మనిషి.

డెబ్బై నాలుగేళ్ల వయసులో తాను కట్టిన ఊరి నుంచి వెలి. బవేరియా కొండ ప్రాంతంలో, తర్వాత మ్యూనిక్ దగ్గర గౌటింగ్‌లో, నిఘా నీడలో బతికారు. అక్కడ కూడా లోహంతో ఇళ్లు కట్టే ఆలోచనల మీద పని చేస్తూనే ఉన్నారు. 1935 ఫిబ్రవరి 3న, సరిగ్గా తన డెబ్బై ఆరో పుట్టినరోజున, కన్నుమూశారు. మిగిలిన వాటాలు కూడా సర్కారు చేతికే పోయాయి.

పేరు మిగిలింది, మనిషి పోయాడు

ఆయన పోయిన ఏడు నెలలకు, 1935 సెప్టెంబరులో, యూ-87 అనే బాంబర్ ఎగిరింది. స్పెయిన్, పోలండ్ ఊళ్ల మీద అరుస్తూ దూకిన విమానం అదే. ప్రపంచం యుంకర్స్ అన్న మాట విన్నది ఎక్కువగా ఆ విమానం వల్లే. ఆ కంపెనీ అప్పటికే ఆయనది కాదు. పేరును మాత్రం వాళ్లు వదల్లేదు. మనిషిని వెళ్లగొట్టి ఆయన పేరును బాంబర్ మీద రాసుకున్నారు. ఇంజనీరు జీవితంలో ఇంతకు మించిన అన్యాయం నాకు తెలియదు. తాను చేసిన వస్తువు ఎవరి చేతికి పోతుందో తయారు చేసినవాడి చేతిలో ఉండదన్న నిజం ఈ కథలో ఉంది. మన పిల్లలు ఎందరో ఇవాళ రక్షణ పరిశ్రమల్లో, పెద్ద కంపెనీల్లో ఉన్నారు. వాళ్లు దీన్ని ఒక్కసారైనా ఆలోచించాలి.

ఆ కంపెనీలోనే 1942 నాటికి ఆన్సెల్మ్ ఫ్రాంజ్ నాయకత్వంలో యూమో-004 జెట్ ఇంజిన్ వచ్చింది. జర్మనీకి నికెల్ వంటి లోహాల కొరత. మామూలు ఉక్కుతో చేసిన టర్బైన్ బ్లేడు ఆ వేడికి ఆగదు. అందుకని తర్వాతి రకంలో బ్లేడులను బోలుగా చేసి, లోపలి నుంచి చల్లగాలి పంపారు. లోహం పలుచని గోడ, ఒక వైపు నిప్పు, ఇంకో వైపు చల్లగాలి. యుంకర్స్ లేకపోయినా ఆయన సూత్రం ఆ ఇంట్లోనే ఉంది.

ఇవాళ్టి ఇంజిన్లలో

మన ఊళ్ల మీదుగా హైదరాబాద్‌కు వచ్చిపోయే విమానాల ఇంజిన్లలో టర్బైన్ ముందు వాయువు వేడి, ఆ బ్లేడు లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. అయినా బ్లేడు కరగదు, లోపలి సన్నని దారుల్లో గాలి పారుతుంటుంది కాబట్టి. ఆ వేడికి నిలిచే లోహాల తయారీలో మన హైదరాబాద్‌కు పేరుంది. 1973లో ఏర్పడిన మిధానీ, దాని పొరుగునే ఉన్న రక్షణ లోహ పరిశోధన సంస్థ ఈ పనిలోనే ఉన్నాయి. ఆదిభట్లలో విమాన ఇంజిన్ల భాగాలు తయారవుతున్నాయి.

ఇంజిన్‌లో ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. బేరింగులు తిరిగి తిరిగి వేడెక్కిన ఆయిలు ఒక వైపు, రెక్కలోని ట్యాంకు నుంచి వచ్చే చల్లటి ఇంధనం ఇంకో వైపు. ఆయిలు చల్లబడుతుంది, ఇంధనం వెచ్చబడుతుంది. ఒక దెబ్బకు రెండు పనులు. పైన గాలి సున్నాకు యాభై డిగ్రీల దిగువన ఉంటుంది కాబట్టి ఇంధనంలోని తేమ గడ్డకట్టకుండా కాపాడేదీ ఈ పెట్టెయే.

ఆ పెట్టె ఎంత ముఖ్యమో 2008 జనవరి 17న తెలిసింది. బీజింగ్ నుంచి లండన్ వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 దిగే ముందు రెండు ఇంజిన్లూ బలం కోల్పోయాయి. విమానం రన్‌వేకు ముందే నేలకు తగిలింది. అందులో ఉన్న 152 మందీ బతికారు. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, సుదీర్ఘ ప్రయాణంలో ఇంధనపు గొట్టాల్లో పేరుకున్న మంచు ఒక్కసారిగా ఊడి వచ్చి ఈ హీట్ ఎక్స్ఛేంజరు ముఖాన్ని మూసేసింది. లోపలి సన్న గొట్టాల చివరలు కాస్త బయటికి పొడుచుకుని ఉండటం వల్ల మంచు అక్కడ నిలిచిపోయింది. తర్వాత ఆ చివరలను ముఖానికి సమంగా చేసి కొత్త డిజైను తెచ్చారు. మన ట్రాక్టరు జాలీలో పొట్టు, అక్కడ మంచు. మార్పు అంతే. మొత్తం విమానం ఆగింది మిల్లీమీటర్ల తేడా మీద.

చివరగా

యుంకర్స్ జీవితంలో నాకు నచ్చినది ఆయన వరుస. ముందు కొలిచారు, కొలవడానికి సాధనం లేకపోతే సాధనాన్ని చేశారు, ఆ సాధనం నుంచి ఇంటికి పనికొచ్చే వస్తువు తీశారు, ఆ వస్తువు తెచ్చిన డబ్బుతో, అది నేర్పిన చేతిపనితో ఆకాశానికి వెళ్లారు. మన బడిలో సైన్స్ సారు మంట మీద గిన్నె పెట్టి థర్మామీటరు చూపించిన ప్రతి పాఠమూ ఈ వరుసలో మొదటి మెట్టే. ఆ మెట్టు ఎక్కించిన గురువులకు ఈ వ్యాసం అంకితం. పూర్వ విద్యార్థుల సంఘం బడి ప్రయోగశాలకు నాలుగు మంచి థర్మామీటర్లు, ఒక కేలరీమీటరు కొనిస్తే దాని ఫలితం ఇరవై ఏళ్లకు కనిపిస్తుందని నా మనవి. నా వంతు నేను ఇస్తాను.

బాష్ సంస్థ ఆ తర్వాత దశాబ్దాల పాటు యూరప్‌లో గీజర్ల మీద యుంకర్స్ పేరునే ఉంచింది. బాంబర్లు తుప్పు పట్టి మ్యూజియంలకు చేరాయి. చలికాలం పొద్దున నీళ్లు కాచుకునే ఇళ్లలో మాత్రం ఆ పేరు చాలా ఏళ్లు వెచ్చగానే ఉంది. ఆయన ఆత్మకు అది చాలు అనుకుంటాను.